మైకు మామ కుడి చెవి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ పట్టా చేతికొచ్చి ఆరు నెలలు కూడా కాలేదు, లోకానికి చెప్పాల్సినవి మాత్రం బుర్ర నిండా ఉండేవి. ఇరవై రెండేళ్ళ వయసులో మనకంటే తెలివైనవాళ్ళు ఎవరూ కనపడరు. ఒకవేళ కనపడినా, పాపం ఏదో పొరపాటున తెలివిగా మాట్లాడారని సరిపెట్టుకుంటాం. అట్లాంటి వయసులో, అట్లాంటి బుర్రతో, ఎండ గురించి జనానికి పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. నేనేమో ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో పొద్దున మగ్గం గుంతలోకి దిగిన మనిషి సాయంత్రం దాకా నీడలోనే ఉంటాడు. ఎండను నేను చూసిందల్లా కిటికీలోంచే. (రేషను షాపు ముందు వరసలో నిలబడినప్పుడు తప్ప.) ఇంత అనుభవం ఉన్నదాన్ని కాబట్టి, ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్ళకు ఎండంటే ఏమిటో నేర్పడానికి బయలుదేరాను.

నాకు ఉద్యోగమిచ్చిన చిన్న ఆరోగ్య సంస్థ పెనుకొండలో, ఒక మేడ మీద, రేకుల కప్పు కింద ఉండేది. జనాన్ని ఎండ నుంచి కాపాడాల్సిన ఆఫీసుకు ఊర్లోకెల్లా వేడిగా ఉండే గది ఎట్లా దొరికిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దాన్ని నడిపేది ఒక డాక్టరమ్మ. చాలా ఏళ్ళు ఆసుపత్రుల్లో చర్మ వైద్యురాలిగా పనిచేసి రిటైరయ్యారు. హాయిగా ఇంట్లో ఫ్యాను కింద కూర్చోవాల్సిన వయసులో, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి కాగితాలు, క్రీములు సమకూర్చుకుని, పొలాల్లో, రోడ్డు పనుల్లో, గొర్రెల వెంట తిరిగేవాళ్ళకు చర్మం గురించి చెప్పాలని నడుం కట్టారు. మొదటిరోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "చర్మానికి కేన్సరు తెల్లవాళ్ళకే వస్తుందనుకుంటారమ్మా అందరూ. మనకు తక్కువ వస్తుంది, నిజమే. మన రంగు మనకు గొడుగు. కానీ ఆ గొడుగుకు అక్కడక్కడా చిల్లులుంటాయి. పుండు చిన్నగా ఉన్నప్పుడు ఒక్కరూ రారు. పెద్దదై, ఇంట్లోవాళ్ళు భయపడి తీసుకొస్తే వస్తారు. అప్పుడు నేను చేయగలిగింది తక్కువ" అన్నారు. అట్లా పుండు చిన్నగా ఉన్నప్పుడే రావాల్సిన మనుషుల కోసం ఆమె ఆ రేకుల కింద చెమటలు కక్కుతూ కూర్చున్నారు. అట్లాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇంట్లో చెప్తే మా నాయన మగ్గంలోంచి తలెత్తకుండానే, "యాడికి పోతాండావు? ఎండలో తిరిగే ఉద్యోగానికా? రంగేసిన పట్టునే నీడలో ఆరేస్తాం గదా, నిన్ను తీసుకపోయి ఎండలో పెడతామా?" అన్నాడు. ఎండలో తిరగడం కాదు నాయనా, ఎండలో తిరగొద్దని చెప్పడం నా పని అని వివరించాను. "అది చెప్పల్లంటే ఎండలోకి పోవల్ల గదా?" అన్నాడు. తోడు ఎవరుంటారని అడిగితే మైకు మామ అని చెప్పాను. అంతే, నాయన మళ్ళీ మగ్గం పనిలో పడ్డాడు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా మైకు మామ తోడుంటే ఆడపిల్లను ఏ ఊరికైనా పంపిస్తారు.

మైకు మామది హిందూపురం. నెత్తిన రెండు మైకు గొట్టాలు కట్టిన పాత వ్యాను ఆయనది. జాతరలో పిల్లవాడు తప్పిపోయినా, బట్టల అంగడి కొత్తగా తెరిచినా, ఊర్లో కరెంటు పోతుందని చెప్పాలన్నా ఆయన గొంతే వినపడాలి. డాక్టరమ్మ ఆ వ్యానునీ గొంతునీ కలిపి మా ప్రచారానికి మాట్లాడుకున్నారు. నేను రాసిచ్చిన వాక్యాలను ఆయన ఒకసారి చదివి, పక్కన పెట్టి, తన పద్ధతిలో చెప్పేవాడు. "మూడు వారాలైనా మానని పుండుందా? చెవి మీద, పెదిమ మీద, మెడ మీద, పాత కాలిన మచ్చ మీద ఉందా? దాచుకోవద్దు! డాక్టరుకు చూపించు!" అని ఆయన అంటుంటే రోడ్డు పక్కన పోయే ఎనుములు కూడా ఆగి చూసేవి. మనిషి ఎర్రగా, పొడుగ్గా ఉంటాడు. తలకెప్పుడూ ఒక చారల తుండుగుడ్డ కట్టి, దాని కొసను కుడివైపు చెవి మీదుగా వదిలేవాడు. అదో స్టైలు అనుకున్నాను. నేను పక్క సీట్లో, అంటే ఆయనకు ఎడమవైపు, కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, కలెక్టరమ్మ లెవల్లో కూర్చునేదాన్ని.

మా ప్రచారానికి మొదటి దెబ్బ ఫ్లెక్సీ వల్ల తగిలింది. బెంగళూరులో ఎవరో పుణ్యానికి గీసిచ్చారు. నీలం సముద్రం, పసుపు ఇసుక, పెద్ద టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్న ఒక తెల్లటి అమ్మాయి. మా వైపు సముద్రాన్ని టీవీలో చూసినవాళ్ళే ఎక్కువ. అయినా ముచ్చటపడి దాన్ని చెన్నేకొత్తపల్లి దగ్గర ఒక పల్లెలో బస్సు ఆగే చోట కట్టించాను. సాయంత్రానికి దాని ముందు నలుగురు ఆడవాళ్ళు చేరి నిలబడ్డారు. ప్రచారం పనిచేస్తోందని పొంగిపోయి దగ్గరికి పోయాను. అందులో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎంత చక్కంగా ఉండాది బిడ్డ! ఎప్పుడు పోయింది పాపా?" అని నన్ను అడిగింది. ఇంకొకావిడ, "నీళ్ళల్లో పడిపోయిందేమో, ఎనకాల చూడు, ఎంత నీళ్ళున్నాయో" అంది. మా ఊర్లలో ఒంటరి మనిషి బొమ్మతో ఫ్లెక్సీ కట్టారంటే ఓట్లకైనా నిలబడి ఉండాలి, లోకం విడిచైనా పోయి ఉండాలి. ఈమె ఓట్లు అడిగేదానిలా లేదు మరి. నేను వివరించేలోపల ఎవరో ఒక మందార పువ్వు తెచ్చి ఫ్లెక్సీ కింద పెట్టి దండం పెట్టుకున్నారు. మైకు మామ వ్యానులో కూర్చుని స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు.

రెండో దెబ్బ ఉపాధి పని దగ్గర. చెరువులో పూడిక తీసే ఆడవాళ్ళ ముందు నిలబడి, ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకోవాలి, తలకు గుడ్డ కట్టుకోవాలి, మధ్యాహ్నం ఎండలో నిలబడకూడదు అని చెప్పడం మొదలుపెట్టాను. టైము అప్పటికి పన్నెండు. వాళ్ళంతా చీరల మీద మొగుళ్ళ ఫుల్‌హ్యాండ్ చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్ళు చుట్టి, ముఖాలకు గుడ్డలు కట్టుకుని, కళ్ళు మాత్రం కనపడేట్టు ఉన్నారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడే పని ముగించుకుని, గట్టు మీద వేపచెట్టు నీడకు చేరిపోయారు కూడా. ఎండలో నిలబడింది నేనొక్కదాన్నే. చేతులు లేని చుడీదారు, మెడలో అలంకారంగా వేలాడుతున్న చున్నీ, తల మీద ఏమీ లేదు. వాళ్ళు చాలాసేపు మర్యాదగా విన్నారు. చివరికి ఒకావిడ, "నువ్వు చెప్పేదంతా మేము చేస్తానే ఉండాం గదమ్మా. నువ్వేంటికి చేయలే? రా, ఈడ నీడకొచ్చి చెప్పు" అంది. ఇంకొకావిడ లేచొచ్చి తన సంచిలోంచి ఒక తువ్వాలు తీసి, చంటిపిల్లకు కట్టినట్టు నా తలకు కట్టింది. నేను ఆ తువ్వాలుతోనే మిగతా ఉపన్యాసం పూర్తి చేశాను. (ఇంకేం మిగిలిందని అడగొద్దు.)

మూడోది క్రీముల వ్యవహారం. అదే చెన్నేకొత్తపల్లి వైపు గుట్టల్లో గొర్రెలు కాసే ఒక అవ్వ ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది, కంబళి కప్పుకుని, కట్టె చేతబట్టి, మందను తనే తోలుకునేది. ఆమెకూ, ఆ చుట్టుపక్కల కాపరులకూ ఎండ క్రీము ట్యూబులు ఒక సంచెడు ఇచ్చి వచ్చాను. రెండు వారాల తర్వాత పోయి అడిగితే, "అయిపోయినాయి పాపా. శానా బాగుంది మందు. ఇంకొన్ని ఉంటే ఇయ్యి" అంది అవ్వ. సంతోషంతో నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆఫీసుకు పోయి, కాపరులందరూ క్రీమును క్రమం తప్పకుండా వాడుతున్నారు, ఇంకా కావాలని అడుగుతున్నారు అని పెద్ద రిపోర్టు రాసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని చదివి, నమ్మలేక, మరునాడు నాతోపాటు బయలుదేరి వచ్చారు. అవ్వ మంద ఎదురొచ్చింది. కొత్తగా ఉన్ని కత్తిరించిన గొర్రెలు. ప్రతి దాని వీపు మీదా, చెవుల మీదా తెల్లగా పూత.

"అవ్వా, ఇది మనుషులకు ఇచ్చింది గదా!" అని అరిచినంత పని చేశాను. అవ్వ నా వైపు జాలిగా చూసి, "నాకు కంబళి ఉండాది గదా పాపా. ఉన్ని తీసినంక వీటికేముండాది? ఎండకు తోలు బొబ్బలెక్కుతాది. నువ్వే చెప్తివి, తోలుకు ఎండ తగిలితే రాసుకోవల్లని" అంది. నేను డాక్టరమ్మ ముఖం చూడలేక నేల చూశాను. ఆమె మాత్రం వ్యాను తలుపు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. నవ్వి నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకుని, "నువ్వు రాసిన రిపోర్టు తప్పేమీ కాదమ్మా. క్రమం తప్పకుండా వాడారు" అన్నారు. తర్వాత కాసేపు ఆ గొర్రెల వైపే చూస్తూ నిలబడి, "ఒక పని చెయ్యి. సాయంత్రం ఇక్కడే ఉండి, ఈమె జీవాలను ఎట్లా చూసుకుంటుందో చూసి రా. మనం చెప్పాల్సింది ఈమెకు ముందే తెలుసనిపిస్తోంది" అని, అటుగా వచ్చిన బస్సెక్కి పోయారు.

పొద్దు వాలేవేళకు అవ్వ మందను దొడ్డికి తోలింది. దొడ్డి తడిక ఒక్క గొర్రె పట్టేంత మాత్రం తెరిచి, పక్కన కూర్చుంది. ఒక్కొక్కటే లోపలికి పోతుంటే ప్రతిదాన్నీ ఒక్క క్షణం ఆపి, నోరు తెరిచి, పెదిమ కింద వేలు పెట్టి, రెండు చెవులూ మడిచి, గిట్టల సందు చూసి వదులుతోంది. ఎంతసేపైనా ఆ చేతులకు తొందర లేదు. ఒకదాని చెవి వెనుక నాకేమీ కనపడని చోట ఆగి, పసుపూ వేపనూనె కలిపి రాసింది. "రోజూ చూస్తావా అవ్వా?" అంటే, "నోరులేని జీవాలు గదా, నొప్పుందని చెప్తాయా? మనమే చూడల్ల. రోజూ చూస్తేనే నిన్న లేనిది ఈపొద్దు కనపడతాది" అంది. డాక్టరమ్మ నాకు మూడు నెలలుగా నేర్పాలని చూసింది అంతే, ఆ ఒక్క మాటే. నా కాగితాల కట్టలో అది నాలుగు పేజీలు ఉండేది.

మంద అంతా లోపలికి పోయాక అవ్వ నాకూ, వ్యానుతో ఉండిపోయిన మామకూ చెంబుతో మజ్జిగ ఇచ్చింది. మైకు మామ మడమల మీద గొంతుక్కూర్చుని, తల వెనక్కి వంచి ఎత్తి తాగుతున్నాడు. తుండుగుడ్డ కొస జారింది. అవ్వ కళ్ళు ఇంకా దొడ్డి దగ్గర పనిలోనే ఉన్నాయి కాబోలు, గబుక్కున వంగి, "ఏమబ్బా, ఆ చెవి ఏమి?" అంది. మామ చెంబు దించి గుడ్డ సర్దుకుంటూ, "ఏం లేదవ్వా. క్షవరం చేసేటప్పుడు కత్తెర తగిలింది" అన్నాడు. "ఎప్పుడు?" "ఉగాదికి." అవ్వ దొడ్డి పక్క వేపచెట్టు కింద నేలను కట్టెతో చూపించి, "యాపపండ్లు రాలతాండాయి. ఉగాదికి తగిలిన కత్తెర ఇంకా మానలేదా?" అంది. మామ గుడ్డను ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. "మా ఊరి మీద ఎన్నితూర్లు అరుసుకుంటా పోయినావు? మూడు వారాలైనా మానకపోతే చూపించు, దాచుకోవద్దు అని. నా గొర్రెలకు కూడా నోటికొచ్చింది. నీకు రాలేదా?" అంది. మైకు మామ నవ్వబోయి, నవ్వలేక, "అది జనాలకు చెప్పేది గదా అవ్వా" అన్నాడు.

నేను అప్పుడు మొదటిసారి ఆయన ముందునుంచి చుట్టి, కుడివైపు పోయి నిలబడ్డాను. చెవి పైఅంచున, శనగగింజంత పుండు. చుట్టూ గట్టిపడి, నడుమ పొక్కు కట్టి ఉంది. నా కాగితాల్లో ఉన్న బొమ్మకు దీనికి తేడా లేదు. ఎన్నో ఏళ్ళుగా డ్రైవరు కిటికీలోంచి పడే ఎండంతా ఆ చెవి మీదే పడింది. మూడు నెలలు ఆ మనిషి పక్కనే కూర్చుని, ఆయన కొనిచ్చిన టీలు తాగి, ఆయన గొంతుతో నా వాక్యాలు చెప్పించుకుని, ఊరూరా జనం చెవులు చూసినదాన్ని, ఆయన ఎడమ చెవి తప్ప చూడలేదు. తుండుగుడ్డ స్టైలని ఇంట్లో కూడా చెప్పి నవ్వించాను. సిగ్గుతో నా ఒళ్ళు కాలిపోయింది. దారిపొడుగునా మామ మైకు పెట్టలేదు. పెనుకొండలో నన్ను దింపేటప్పుడు మాత్రం, "డాక్టరమ్మకు చెప్పొద్దు పాపా" అన్నాడు. చెప్తాను మామా, అన్నాను. ఆ ఉద్యోగంలో నేను బుద్ధిగా చేసిన మొదటి పని అదే.

మరునాడు వ్యాను రాలేదు. ఫోను స్విచాఫ్. ఆ మర్నాడూ అంతే. డాక్టరమ్మ, నేను హిందూపురం పోయి ఆయన ఇల్లు వెతికి పట్టుకున్నాం. మామ భార్య గడపలో నిలబడి, "ఆయప్ప ఊర్లో లేడమ్మా. మడకశిరకు పోయినాడు. సుమ్మనే ఊరికే ఏంటికి తిరుగుతారు మీరు, వచ్చినంక నేనే పంపిస్తా" అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంతలో లోపలినుంచి ఒక దగ్గు వినపడింది. జిల్లాలో సగం మంది కళ్ళు మూసుకుని గుర్తుపట్టే గొంతు అది, అట్లాంటివాడు దాక్కుంటే మటుకు దగ్గకూడదు. డాక్టరమ్మ నవ్వకుండా, గోడవైపు తిరిగి, "ఇప్పుడొస్తే చిన్న పని నాయనా, ఆలస్యమైతే పెద్దదవుతుంది" అని చెప్పారు. గోడ అవతల మంచం కిర్రుమంది. "పేరు పెట్టనంత వరకు అది పుండే గదమ్మా. మీరు పరీక్ష చేస్తే దానికి పేరు పెడతారు. ఆ పేరు నేను వినలేను" అన్నాడు మైకు మామ. ఊర్లన్నిటికీ వినపడేట్టు దాచుకోవద్దని చెప్పినవాడు, గోడ చాటున, మాకే వినపడీ వినపడనంత గొంతుతో.

నాకు ఇంకెవరూ తోచలేదు. మరునాడు పొద్దున బస్సెక్కి అవ్వ దగ్గరికి పోయి, దొడ్డి దగ్గర కూర్చుని ఏడ్చేశాను. అవ్వ అంతా విని, "ఏడుస్తా కూసుంటే మానతాదా? లే" అంది. పక్క మంద కాపరిని పిలిచి తన కట్టెను ఆయన చేతికిచ్చి, ఈ పొద్దుకు తన జీవాలను కూడా చూసుకోమంది. ఆయన ఆ కట్టె పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయాడు. పెళ్ళై ఆ ఊరికి వచ్చినప్పటినుంచి అవ్వ తన మందను ఇంకొకరికి ఒక్కరోజైనా అప్పగించింది లేదని, బస్సులో పక్కన కూర్చున్న ఆ ఊరి మనిషి నాకు చెప్పాడు. అవ్వ మాత్రం కిటికీ దగ్గర కంబళి కప్పుకుని, దారిలో కనపడిన ప్రతి మందకూ ఏదో ఒక వంక పెడుతూ కూర్చుంది.

హిందూపురంలో అవ్వ ఆ గడపలో ఆగలేదు. నేరుగా లోపలికి పోయి, మంచం మీద దుప్పటి ముసుగేసుకున్న మైకు మామ పక్కన నిలబడి, "లేబ్బా. నా మందను ఇడిచిపెట్టి వచ్చినా. పొద్దుగూకేలోగా నేను దొడ్డి దగ్గర ఉండల్ల" అంది. "నాకు భయమైతాంది అవ్వా" అన్నాడు మామ, దుప్పటి లోపలినుంచే. "అయితే కానీ. భయంతోనే పోదాం, లే. భయం పోయినంక పోదామంటే అది ఎప్పుడు పోవల్ల, మనం ఎప్పుడు పోవల్ల?" అంటూ అవ్వ దుప్పటి లాగేసి, ఆయన ఎడమ చెవి, అంటే బాగున్న చెవి, రెండు వేళ్ళతో పట్టుకుంది. ఏ మొండి పొట్టేలైనా ఆ పట్టుకు లేచి నడవాల్సిందే. ఆరడుగుల మనిషి, భార్య చూస్తుండగా, పక్కింటివాళ్ళు చూస్తుండగా, తల వంచుకుని నాలుగడుగుల ముసలామె వెంట వీధిలోకి వచ్చాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అవ్వ ఆయన్ను పెనుకొండలో డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టి, చెవి చూపించి, "ఇగో, చూడు తల్లీ" అని అప్పగించి, వచ్చిన దారినే బస్సు పట్టుకుంది.

డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. జవాబు రావడానికి పది రోజులు. ఆ పది రోజులు నేను ఎండ గురించి ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే మా నాయన కూడా మగ్గం దగ్గరినుంచి లేచొచ్చి, "మామకు బాగైతాది లేమ్మా" అని నా పళ్ళెంలో పెరుగు వేసి పోయాడు. జవాబు వచ్చింది. కేన్సరే. కానీ చిన్నది, చెవి దాటి ఎక్కడికీ పోలేదు. బెంగళూరులో ఆపరేషను చేసి చెవి పైఅంచు కొద్దిగా తీసేశారు. కేన్సరు మొత్తం తీసేశామని అక్కడి డాక్టర్లు చెప్పిన రోజు డాక్టరమ్మ ఆ రేకుల గదిలో కళ్ళద్దాలు తీసి చాలాసేపు ఊరికే తుడుస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా ఆమె ఎదురుచూసింది అట్లా పుండు చిన్నగా ఉన్నప్పుడే వచ్చే ఒక్క మనిషి కోసమే. ఆ మనిషిని తెచ్చింది మా ఫ్లెక్సీ కాదు, నా ఉపన్యాసం కాదు, రోజూ చెవులు చూసే ఒక ముసలామె.

కట్టు విప్పాక మామ, నేను అవ్వకు చెప్పి రావాలని పోయాం. మామ తుండుగుడ్డను కిందికి లాక్కుని, సిగ్గుపడుతూ నిలబడ్డాడు. అంచు తెగిన చెవిని ఎవరికీ చూపించలేకపోతున్నాడు, మైకు పట్టుకోనే లేదు, ఇకమీదట జాతరలకు తనను ఎవరూ పిలవరని దారంతా చెప్తూ వచ్చాడు. అవ్వ ఆయన్ను కూర్చోమని, గుడ్డ తీసేసి, చెవిని మడిచి, వెలుతురుకు తిప్పి, వెనకా ముందూ వేలితో తడిమి చూసింది. చూసి తృప్తిగా తలూపి, "మా జీవాలకు కూడా చెవి కొంచెం కత్తిరిస్తాం అబ్బా, ఏ మందదో తెలియాలని. ఇంక నువ్వు యాడ తప్పిపోయినా భయం లేదు. చెవి చూసి నా మందలోకే తోలుకొస్తారు" అంది. మైకు మామ నవ్వాడు. ఎన్నో వారాల తర్వాత, గుట్టకు తగిలి తిరిగొచ్చేంత పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. అవ్వ ఆయన వీపు మీద ఒక్కటి చరిచి గొర్రెల దగ్గరికి పోయింది.

ఆ వారమే వ్యాను మళ్ళీ కదిలింది. చెరువు పని దగ్గర ఆగగానే నేను కాగితాలు తీశాను. మామ మైకు నా చేతికివ్వలేదు. కిందికి దిగి, తుండుగుడ్డ ఊడదీసి భుజాన వేసుకుని, "అక్కలారా, ఇది నా చెవి. మీకందరికీ చెప్పుకుంటా తిరిగినా గానీ నాది నేను చూసుకోలే. ఒక గొర్రెల అవ్వ చూసింది. ఈపొద్దు ఒక పని చేయండి, ఎవురిది వాళ్ళకు కనపడదు, పక్కనోళ్ళది చూడండి" అన్నాడు. వేపచెట్టు కింద ఆడవాళ్ళు తువ్వాళ్ళు విప్పి, ఒకరి తల ఒకరు వంచి, మెడలు, చెవులు, వీపులు చూసుకోవడం మొదలుపెట్టారు. పేను చూసే చేతులే అవన్నీ, ఎంత ఓపికగా చూశారో. నేను చేసిందల్లా వైరు కాళ్ళకు తగలకుండా పట్టుకోవడం. ఆ రోజు చేసినంత మంచి ప్రచారం నా జీవితంలో ఇంకోటి లేదు.

ఆ తర్వాత నేను వేరే ఉద్యోగాల్లో పడ్డాను. డాక్టరమ్మ ఇప్పటికీ అదే రేకుల గదిలో ఉన్నారు, కాకపోతే ఎవరో ఒక కూలరు ఇచ్చారు. మైకు మామ ఏడాదికొకసారి చెవి చూపించుకోవడానికి బెంగళూరు పోతాడు. వీలైనప్పుడల్లా నేనూ హిందూపురంలో రైలెక్కి ఆయనతో పోతాను. మొన్న పోయినప్పుడు కూడా అంతా బాగుందన్నారు. తిరుగు రైల్లో ఆయనకు ఎడమపక్క సీటు ఖాళీగా ఉన్నా, నేను చుట్టి వచ్చి ఆయన కుడివైపు కూర్చున్నాను. కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని జిల్లా అంతటి చర్మం గురించి దిగులుపడిన ఆ అమ్మాయి గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటున్నాను. కోపం రాదు దాని మీద, కొంచెం జాలి, కొంచెం ముద్దు.

"ఏం పాపా, డాక్టరే బాగుందన్నాడు గదా. ఇంకా ఏంటికి అట్ల చూస్తాండావు?" అన్నాడు మామ.

"అప్పుడు చూడలే గదా మామా" అన్నాను.

ఆయన తుండుగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, నాకు బాగా కనపడేట్టు తల కొంచెం అటు తిప్పి కూర్చున్నాడు.